డెబ్బై నాలుగు కిలోల పెద్దాయన

“ముందు ఎవరి దగ్గరికి పరుగెత్తావు నాన్నా? నా మొగుడి దగ్గరికా, నీ బండి దగ్గరికా?”

చెల్లెలు ఈ మాట అడగడం పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. మొదటిసారి ఏడుస్తూ అడిగింది. రెండోసారి అరుస్తూ అడిగింది. మూడోసారి బీరువా తలుపు ఇల్లదిరేలా మూస్తూ అడిగింది. ఇప్పుడు హాల్లో సూట్‌కేసు మీద మోకాలు నొక్కిపెట్టి, జిప్పు లాగుతూ, మామూలు గొంతుతో అడిగింది. ఆ మామూలు గొంతు విన్నాకే, చెల్లెలు నిజంగానే వెళ్లిపోతోందని అక్కకి అర్థమైంది.

ఇంట్లోనూ షెడ్డులోనూ అందరూ పెద్దాయన అనే ఆ నాన్న, బల్ల ముందు కూర్చుని, టీ చల్లారిపోతున్నా చూడకుండా, అరచేతిలో ఒక నట్టు దొర్లిస్తున్నాడు. నట్టింట్లో నట్లేమిటని అడగగలిగిన ఇల్లాలు పోయి ఐదేళ్లయింది. అప్పట్నుంచి ఇంటికీ వెనకున్న షెడ్డుకీ మధ్య తలుపు మూసిన పాపాన పోలేదు ఎవరూ. కంచాల పక్కన బోలెడు బోల్టులు, పుస్తకాల మధ్య గాస్కెట్లు, సోఫా కింద ఒక స్టీరింగు.

“ఆయన కారులోంచి పాక్కుంటూ బయటికొచ్చి కంకరలో పడిపోయాడు. నువ్వు పరుగెత్తుకొచ్చావు. వచ్చి ఆయన్ని దాటుకుంటూ పోయావు. దారిలో రాయి ఉంటే దాటమూ, అలా దాటావు!”

“మంటలు లేస్తాయని స్విచ్చి ఆపడానికి పోయాను.”

“స్విచ్చి బయట ఉంటుంది. నువ్వు తలకాయ లోపల పెట్టావు. నేను చూశాను.”

నట్టు దొర్లడం ఆగింది.

“నీ మొగుడు బ్రేకు తొక్కి ఉంటే, ఎవరూ ఎవరి దగ్గరికీ పరుగెత్తాల్సిన పనే ఉండేది కాదు,” అన్నాడు పెద్దాయన. “కంప్యూటరులో బ్రేకు గీత ఉంది, పోయి చూసుకో. సగమే తొక్కాడు. సగం బ్రేకు, సగం గుండె.”

ఆ సగం గుండె మనిషి పక్క గదిలోనే ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. మంచం అంచున కూర్చుని, మెడకు కట్టిన గుడ్డలో కుడిచేతిని మోస్తూ, ఎడమచేత్తో ఎడమకాలి బూటు లేసు కట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. మామగారి మాటకి అతని వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలయ్యాయి.

ఈ కుటుంబం ఆరేళ్లుగా చెక్కుతున్నది ఒక స్పోర్ట్స్ కారుని. సోమవారం నంబరు ప్లేటుతో బుద్ధిగా ఆఫీసుకి పోవాలి, ఆదివారం రేసు ట్రాకు మీద ఒంటికాలి మీద లేవాలి. రోడ్డు చట్టమేమో నేలకి ఎత్తుగా ఉండమంటుంది, ట్రాకేమో నేలని కావలించుకోమంటుంది. ఈ ఇద్దరి మధ్యా రాజీ కుదర్చడం అక్క పని. ఆమె ఆ కారు స్ప్రింగుల ఇంజనీరు. షెడ్డులో మెకానిక్కులు స్ప్రింగులక్క అంటారు. పెళ్లి మాటెత్తిన చుట్టాల చేతిలో ఒక స్ప్రింగు పెట్టి, “నొక్కండి, నొక్కగలిగితే మాట్లాడదాం” అనేది. ఎవరూ నొక్కలేదు, ఆమెనీ ఒప్పించలేదు.

ఆ కారు నిన్న పొద్దున, షెడ్డు వెనకే ఉన్న టెస్టు ట్రాకు మీద, మూడో మలుపులో, కంకర దాటి టైర్ల గోడని గుద్దుకుంది. కారు వెనక రెక్క ఊడింది. నడుపుతున్న అల్లుడి కుడి రెక్క విరిగింది. ఇంటిల్లిపాదీ ఆరేళ్ల రెక్కల కష్టం మూడు సెకన్లలో తేలిపోయింది.

“నువ్వేమిటే బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డావు?” చెల్లెలు అక్క మీదికి తిరిగింది. “అంతా నీ సంతకం దగ్గరేగా ఆగింది! రాసెయ్, ‘డ్రైవరు తప్పు’ అని. పన్నెండింటికల్లా రవాణా ఆఫీసుకి పంపెయ్. రేపు వాళ్లొచ్చి నీ రెండో బండిని చూసి పోతారు, నెల తిరక్కుండా నంబరు ప్లేటు ఇచ్చేస్తారు. ఈయన టెస్టు డ్రైవరు లైసెన్సు మాత్రం ఊడుతుంది. ఆ తర్వాత ఈయన్ని ఎవరూ చక్రాల కుర్చీ కూడా నడపనివ్వరు.”

“నేనింకా ఏమీ రాయలేదు.”

“రాయవని కూడా అనలేదుగా!”

అక్క మాట ఆ ఇంట్లో ఎప్పుడూ చెల్లలేదు. చెల్లేది చెల్లెలి మాట. ఇవాళ మొదటిసారి చెల్లెలి మాట కూడా అక్క చేతిలో ఉన్న ప్రమాద నివేదిక కాగితానికే వేలాడుతోంది. ప్రమాదానికి కారణం అని అచ్చువేసిన చోట నాలుగు వేళ్ల ఖాళీ. డ్రైవరు తప్పయితే, బండి నడిపిన మరిది బతుకు పోతుంది. బండి తప్పయితే అనుమతి ఆగిపోతుంది, ఆరేళ్ల పని మళ్లీ మొదటికొస్తుంది. కింద ఇంజనీరు సంతకం.

“నాకు తెలియంది నేను రాయను,” అంది అక్క.

“గీత ఉండగా తెలియకపోవడమేంటి?” అన్నాడు పెద్దాయన, కూతురి వైపు చూడకుండా. “రెండోసారి చదువు. చదువుకున్నదానివేగా.”

టైర్లకి పట్టు ఉండాలి, మనుషులకి పట్టింపులు ఉండకూడదు. ఈ ఇంట్లో ఉన్న పట్టింపులతో నాలుగు టైర్లు పోత పోయొచ్చు. అక్క కాగితం మడిచి జేబులో పెట్టుకుని షెడ్డులోకి నడిచింది.

షెడ్డులో మెకానిక్కులకి ఇవాళ సెలవు చెప్పేశారు. గుద్దుకున్న బండి ఒక మూల, ముక్కు చితికి, టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది. నడుమ రెండో బండి, దాని కవల, నాలుగు చక్రాల కిందా నాలుగు తూకపు పలకలతో నిలబడి ఉంది.

ఆ షెడ్డులో కిలో అనే మాట కాగితాల మీదే. నోటి లెక్క వేరు. ఇంజను రెండు పెద్దాయనలు. బండి మొత్తం పన్నెండు పెద్దాయనలు. వెనక రెక్క పెద్దాయనలో పదోవంతు. మొట్టమొదటి కారు కట్టిన రోజు నుంచీ ఆచారం అది. బండి తయారవగానే తూకం మీద పెడతారు, సీట్లో పెద్దాయన కూర్చుంటాడు. అందరూ దూరంగా జరగాలి, ఎవరి చెయ్యీ బండికి తగలకూడదు. ఆయన బరువు డెబ్బై నాలుగు. ఇరవై ఏళ్లుగా డెబ్బై నాలుగే. ఆ బరువు మీదే అక్క స్ప్రింగులు సర్దుతుంది, తర్వాత అల్లుడి కోసం పన్నెండు కిలోలు లెక్కలో కలుపుకుంటుంది. ఇంటికి అల్లుడూ కారుకి అల్యూమినియమూ తేలిగ్గా ఉండాలని పెద్దాయన సిద్ధాంతం. ఎనభై ఆరు కిలోల అల్లుడు ఆ పరీక్షలో పెళ్లినాడే తప్పాడు.

ఆమె కంప్యూటరు తెరిచింది. మరిది తలగీత అంతా ఆ ఒక్క గీతలో ఉంది. మూడో మలుపుకి ముందు బ్రేకు ఒత్తిడి లేచింది, సగందాకా వచ్చింది, ఆగింది. నిన్న చూసినప్పుడు ఆమెకీ అదే తోచింది. కాలు బెదిరింది అనుకుంది.

ఇవాళ గీతని పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది.

బెదిరిన కాలు వణుకుతుంది. ఒకసారి తగ్గుతుంది, ఒకసారి ఎక్కుతుంది. ఈ గీత వణకలేదు. స్కేలు పెట్టి గీసినట్టు, గుద్దుకునేదాకా ఒకే ఎత్తులో పోయింది. ఇది సగం తొక్కిన కాలు కాదు. పూర్తిగా తొక్కినా కిందికి దిగని పెడల్.

ఆమె లేచి టార్పాలిన్ లాగింది. టార్చి నోట్లో కరుచుకుని, చితికిన బండిలోకి తలకిందులుగా దూరింది. పెడల్ వెనకవైపు వేలుతో తడిమింది. వేలికి బూడిదరంగు మరక అంటింది. గోరుతో గీకితే మెత్తగా వచ్చింది. దాన్ని కాగితం అంచున రాస్తే పెన్సిలు గీతలా పడింది.

సీసం.

సీసమన్నది పద్యమైనా లోహమైనా బరువైనదే. కాకపోతే పద్యం అయితే ఎవరో ఒకరు గొంతెత్తి చదివేవారు. పక్క సీటు మనిషికి బదులుగా పెట్టడానికి షెడ్డులో సీసపు పలకలు ఉంటాయి, ఒక్కోటి ఐదు కిలోలు, గోడ దగ్గర ఇనుప అరలో. నిన్న పక్క సీటు ఖాళీ. పలకల అవసరమే లేదు. మరిది కంటే ముందు ఆ బండిలో కూర్చున్నది, తూకం కోసం, నాన్న ఒక్కడే.

ఆమె అర దగ్గరికి పోయి ఒక్కొక్కటే తీసి తిప్పి చూసింది. తొమ్మిదో పలక మీద ఐదు గాట్లు ఉన్నాయి, అడ్డంగా, సమానంగా. బ్రేకు పెడల్ వెనక ఉండే పక్కటెముకలు ఐదు.

పెద్దాయన పలకలేదు. పలక పలికింది.

తల లోపల పెట్టావు, నేను చూశాను అన్న చెల్లెలి మాట అప్పుడు ఆమెకి పూర్తిగా వినిపించింది. పెడల్ వెనక ఇరుక్కున్న ఈ పలకని లాగెయ్యడానికే ఆయన తల లోపల పెట్టాడు. ఆమె ఇంటి వైపు తిరిగి కేకేసింది.

“నాన్నా! ఇలా రా!”

పెద్దాయన వచ్చాడు. ఎప్పటి ఓవరాలే, మెడదాకా గుండీలు. ఎండలోనైనా చలిలోనైనా అదే. ముఖం చిక్కిందేమని ఎవరైనా అంటే, పని ఎక్కువైంది అనేవాడు. అందరికీ పని ఎక్కువే కాబట్టి అందరూ నమ్మేవారు.

“రెండో బండి తూకం వెయ్యాలి. కూర్చో.”

“నిన్నటి లెక్కే వెయ్యి. రెండూ కవల పిల్లలేగా.”

“కవల పిల్లలకి కూడా జ్వరం విడివిడిగానే చూస్తారు. కూర్చో.”

“నువ్వు అవతలికి జరుగు మరి. తూకం వేళ మనిషి దగ్గరుండకూడదు.”

“ఇవాళ ఉంటాను.”

ఆయన కళ్లు ఇనుప అర వైపు వెళ్లాయి. అరకి అడ్డంగా కూతురు నిలబడి ఉంది. ఆమె నీడలో ఏముందో ఆయనకి కనిపించలేదు.

“నా బండిలో నన్నే ఎక్కమని శాసిస్తున్నావా?”

“అవును.”

ఆయన తలుపు పట్టుకున్నాడు. ఆ బండి ఎక్కడమంటే గడప దాటడం కాదు, గోడ దాటడం. ఎడమకాలు లోపల పెట్టాడు. కుడికాలిని రెండు చేతుల్తోనూ పట్టుకుని, తనది కాని వస్తువుని ఎత్తినట్టు ఎత్తి, లోపల పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ వేళకి అందరూ దూరంగా జరిగేవాళ్లం కదా అని ఆమెకి అప్పుడు తట్టింది.

తూకం తెర మీద అంకెలు ఊగి నిలిచాయి.

“యాభై తొమ్మిది,” అంది.

“నీ త్రాసు చెడింది.”

“పొద్దున ఇరవై కిలోల రాయి పెట్టి చూశాను. ఇరవై అంటే ఇరవయ్యే చూపించింది.”

“అయితే నీ కళ్లు చెడ్డాయి.”

ఆమె అరలోంచి ఒక పలక తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. అరవై నాలుగు. ఇంకోటి పెట్టింది. అరవై తొమ్మిది. మూడోది, గాట్లున్నది, గాట్లు పైకి కనపడేలా పెట్టింది.

డెబ్బై నాలుగు. పెద్దాయన పూర్తయ్యాడు.

పైకప్పు రేకు ఎండకి టకటకమంది.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఆరు నెలలు.” ఆయన స్టీరింగుతో మాట్లాడుతున్నాడు. “కడుపులో ఏదో పెరుగుతోందన్నాడు డాక్టరు. కొయ్యాలన్నాడు. కోస్తే నాలుగు నెలలు మంచం. బండికి ప్లేటు వచ్చాక కోయించుకుంటానన్నాను.”

“బండికి ప్లేటు రావాలని నువ్వు ప్లేట్లు మోశావన్నమాట.”

ఎంత కోపంలోనైనా ఆ ఇంటి నాలుక అంతే. కానీ ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

“మీకు తెలిస్తే పని ఆపేసేవాళ్లు. నీ చెల్లెలు షెడ్డుకి తాళం వేసి, ఆ తాళం ఎవడికో ఇచ్చేసేది. పెద్దాయన యాభై తొమ్మిదంటే ఇక్కడ ఇంకే లెక్క నిలుస్తుంది?”

“మూడు పలకలు పెట్టుకున్నావు. రెండు తీశావు. మూడోది మర్చిపోయావా?”

ఆయన స్టీరింగు మీద లేని మరకని వేలితో తుడిచాడు.

“నాన్నా. మర్చిపోయావా?”

“లేదు. దిగేటప్పుడు ముందుకి జారిపోయింది. కాళ్ల దగ్గర కనిపిస్తూనే ఉంది. వంగలేకపోయాను. రెండుసార్లు చూశాను, వంగలేకపోయాను. గుద్దుకున్నాక ఎలా వంగి తీశానో నాకే తెలియదు. ఎవరినైనా పిలిస్తే ఇదేంటని అడుగుతారు. ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి వచ్చేస్తాడు కదా, అప్పుడు తీద్దాంలే అనుకున్నాను. ఈలోగా ఎక్కి కూర్చున్నాడు. నీ మరిదికి నెమ్మదంటే ఏం తెలుసు?”

“ఇప్పుడు కూడా అతని మీదికే తోస్తున్నావా! ఆగు అని ఒక్క మాట. రెండక్షరాలు. వంగక్కర్లేదు కదా దానికి!”

“అరవకు. ఇంట్లోకి వినిపిస్తుంది.”

“వినిపించనీ! కళ్ల ముందే అతను బెల్టు పెట్టుకున్నాడు. బయల్దేరేముందు నీకు చెయ్యెత్తి చూపించాడు కూడా. నువ్వూ ఎత్తావు!”

పెద్దాయన రెండు చేతులూ పలకల మీద పెట్టుకున్నాడు, చలి కాచుకుంటున్నట్టు.

“సంతకం పెట్టు,” అన్నాడు. “ఒక్క నెల. ప్లేటు వచ్చిన రోజు నేనే అందరినీ కూర్చోబెట్టి చెబుతాను. అతను వయసులో ఉన్నాడు. ఎముకలు అతుక్కుంటాయి.”

“పేరు అతుక్కోదు.”

“మరి నా పేరు?”

ఆ షెడ్డులో ప్రతి వస్తువునీ ఆ పేరుతోనే తూచారు.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. మరిది వచ్చాడు. ఎడమ బూటు లేసు కట్టకుండానే, మాటలు అందకపోయినా అరుపు విని వచ్చాడు. వెనకే చెల్లెలు, సూట్‌కేసు ఈడ్చుకుంటూ.

“వదినగారూ, ఆ కాగితం ఇలా ఇవ్వండి.”

“ఎందుకు?”

“నేనే రాసేస్తాను.” అతను పెద్దాయన వైపు చూడలేదు. “నిన్నట్నుంచీ ఆలోచిస్తున్నాను. పెడల్ ఆగిపోయిందని నిన్న అన్నాను. ఆగిందో, నేనే ఆపానో, నాకిప్పుడు తెలియడం లేదు. భయం వేసిన మాట నిజం. భయం ముందు వేసిందా, పెడల్ ముందు ఆగిందా, ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు. మామయ్యగారు ముప్పై ఏళ్లుగా డ్రైవర్లని చూస్తున్నారు. ఆయనే అంత గట్టిగా అన్నారంటే, సగమే తొక్కి ఉంటాను.”

“ఛీ!” చెల్లెలు సూట్‌కేసు వదిలేసింది. అది నేల మీద వెల్లకిలా పడింది. “పొద్దుట్నుంచీ నేను గొంతు చించుకుంది ఇందుకా? పిరికివాణ్ణని మీరే రాసిస్తారా? ఇంకేం నాన్నా, గెలిచావుగా! ఎముక విరగ్గొట్టావు, మనిషిని కూడా విరిచేశావు!”

పెద్దాయన నోరు తెరిచాడు. ఏదో అనబోయాడని అక్కకి అనిపించింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. నిన్న కూడా సరిగ్గా ఇలాగే మూసుకుని ఉంటాడు.

అక్క జేబులోంచి కాగితం తీసింది. గుద్దుకున్న బండి పైకప్పు మీద పరిచి, కలం మూత పళ్లతో లాగి, నాలుగు వేళ్ల ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. సంస్థ అధిపతి అని రాయాలి, అది ఆఫీసు భాష. ఆమె చెయ్యి వేరే మాట రాసింది. ఆ మాట దగ్గరే ఆగింది.

చెల్లెలు భుజం మీంచి వంగి చదివింది.

“నాన్న,” అని చదివింది. “నాన్న ఏంటే? నాన్న ఏం చేశాడు? పూర్తిగా రాయి!”

“దించండి నన్ను,” అన్నాడు పెద్దాయన. అది ఎవరితో అన్నాడో తెలియలేదు. లేవబోయాడు. పదిహేను కిలోల సీసం ఒళ్లో ఉంది. నడుము ఒక వేలెడు లేచి, మళ్లీ సీట్లో కూలబడింది.

అందరికంటే ముందు కదిలింది మరిదే. చేసేది తూకమే అనుకున్నాడు. తూకం వేళ పలకలేమిటని అడగలేదు. అడిగే అలవాటు అతనికి ఆ ఇంట్లో ఎవరూ చేయలేదు.

“ఉండండి మామయ్యగారూ. ముందు ఆ బరువు ఇటివ్వండి, తర్వాత మీరు లేద్దురుగాని.”

ఎడమచేత్తో పై పలక అందుకున్నాడు. కింద పెట్టబోయాడు. అతని బొటనవేలు పలక మీద ఒకచోట ఆగింది. ఒక గాటు. పక్కన ఇంకోటి. వేలు వాటి మీదుగా మెల్లగా నడిచింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. రెండేళ్లుగా ఆ పెడల్‌తోనే అతనికి బతుకు. దాని ముఖమూ వీపూ చీకట్లో అడిగినా చెబుతాడు.

అతను తలెత్తలేదు.

“అల్లుడుగారూ,” అన్నాడు పెద్దాయన. ఆ ఇంట్లో ఆయన నోట ‘గారు’ వెటకారం లేకుండా పలకడం అదే మొదలు. లేపమన్నట్టు చెయ్యి చాపాడు. ఓవరాల్ చేయి వెనక్కి జారి, లోపల మణికట్టు కర్రపుల్లలా బయటపడింది.

అల్లుడికి పని చేస్తున్నది ఒక్కటే చెయ్యి. ఆ చేతిలో పలక ఉంది. దాన్ని వదిలితే తప్ప ఆయన్ని లేపలేడు.

అల్లుడు పలకని వదల్లేదు.